రెటీనా సిరలో అడ్డంకి: పక్క నాళాలు ఏర్పడితే చూపు తిరిగి వచ్చినట్లేనా?

పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపుల నుంచి తిరుపతి కంటి ఆసుపత్రులకు వచ్చే బీపీ, షుగరు రోగుల్లో కొందరికి కంటి నరంలో, అంటే కంటి వెనుక వెలుతురును గ్రహించే పొర అయిన రెటీనాలోని సిరలో, రక్తం గడ్డకట్టిందని డాక్టర్లు చెబుతుంటారు. కొన్ని నెలలకు అదే రోగి రిపోర్టులో కొల్లాటరల్ నాళాలు (అడ్డంకిని తప్పించి రక్తాన్ని మళ్లించే పక్క నాళాలు) కనిపిస్తున్నాయన్న మాట చేరితే, అది మంచికో చెడుకో ఇంట్లోవాళ్లకు అంతుపట్టదు. నిజానికి ఈ సందేహం వైద్యశాస్త్రాన్ని కూడా చాలాకాలం వెంటాడింది.

1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరమైన ఆఫ్తాల్మోస్కోపును వెలువరించాకే బతికున్న మనిషి రెటీనాను చూడడం సాధ్యమైంది. 1855లో కంటి వైద్యుడు లీబ్రైక్ ఈ జబ్బును రెటీనాలోని రక్తస్రావంగా వర్ణించగా, దానికి మూలం కేంద్ర సిరలో గడ్డకట్టిన రక్తమేనని 1878లో యూలియస్ ఫాన్ మీషెల్ స్పష్టం చేశాడు. ఈ కేంద్ర సిరలో కలిసే శాఖా సిరలో అడ్డంకి ఎక్కువగా ధమని సిరను దాటే చోటనే ఏర్పడుతుంది. అక్కడ రెండింటికీ ఒకే తొడుగు ఉండడంతో, రక్తపోటు వల్ల గట్టిపడిన ధమని సిరను నొక్కేస్తుంది.

వెళ్లే దారి మూసుకుపోయిన రక్తం, ముందునుంచీ ఉన్న సన్నని కేశనాళికలనే నెలల తరబడి వెడల్పు చేసుకుంటూ పక్క సిరలోకి చేరుతుంది. శాఖా సిర మూసుకుంటే ఈ నాళాలు తరచుగా మ్యాక్యులాకు (సూటి చూపునిచ్చే రెటీనా నడిభాగానికి) కణతవైపున పై సగాన్ని, కింది సగాన్ని కలుపుతూ కనిపిస్తాయి. కేంద్ర సిర మూసుకుంటే దృష్టినాడి బిళ్ల మీద మెలికలు తిరిగి, రక్తాన్ని రెటీనా వెనుక ఉండే రక్తనాళాల పొర కోరాయిడ్‌వైపు మళ్లిస్తాయి. చిక్కంతా వీటిని ఆక్సిజన్ కొరతతో పుట్టే పెళుసు కొత్త నాళాల నుంచి వేరుచేయడంలోనే ఉండేది. 1961లో నోవాట్నీ, ఆల్విస్ ప్రచురించిన ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ ఆ చిక్కును చాలావరకు విప్పింది: చేతి నరంలోకి ఎక్కించిన రంగుమందు కొత్త నాళాల నుంచి ధారాళంగా బయటికి కారుతుంది, కుదురుకున్న పక్క నాళాల నుంచి సాధారణంగా కారదు. లేజర్ చేసేటప్పుడు పక్క నాళాలను కాల్చకూడదన్న జాగ్రత్తకు ఈ తేడా తెలియడమే ఆధారం.

చూపు సంగతి మాత్రం అంత సూటిగా తేలలేదు. పక్క నాళాలున్న కళ్లలో చూపు మెరుగని కొన్ని అధ్యయనాలు చెబితే, మరికొన్నింటికి ఆ సంబంధం కనబడలేదు. ఇందులో వింతేమీ లేదు. రక్తం దారి వెతుక్కునే లోపు మ్యాక్యులా వాచి ఉన్నా, అక్కడి కేశనాళికలు మూసుకుపోయి ఉన్నా, ఆలస్యంగా తెరుచుకున్న దారి చచ్చిపోయిన కణాలను బతికించలేదు. పైగా అడ్డంకి తీవ్రంగా ఉన్న కంట్లోనూ ఇవి ఏర్పడవచ్చు గనుక, వీటిని చూసి చూపును అంచనా వేయడం తొందరపాటే.

చికిత్స చరిత్ర కూడా మ్యాక్యులా చుట్టూనే తిరిగింది. శాఖా సిర అడ్డంకిలో గ్రిడ్ లేజర్ (వాచిన చోట గళ్ల వరుసలో సన్నని లేజర్ చుక్కలు పెట్టే పద్ధతి) చూపును మెరుగుపరుస్తుందని 1984లో అమెరికా అధ్యయనం చూపింది. కేంద్ర సిర విషయంలో అదే లేజర్ వాపును తగ్గించినా చూపును పెంచలేదని 1995లో తేలింది. 2010లో ఈ వాపుకు కంట్లోకి ఇచ్చే రానిబిజుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో అనుమతి వచ్చాక లేజర్ వెనక్కి తగ్గింది.

ఇంజెక్షన్ ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది కాబట్టి, పక్క నాళాలు వచ్చాయన్న ధైర్యంతో తర్వాతి పరీక్షకు రాకుండా ఉంటే వాపు తిరగబెట్టవచ్చు. రక్తప్రసరణ బాగా దెబ్బతిన్న కేంద్ర సిర అడ్డంకిలో ముప్పు ఇంకా పెద్దది: తొలి కొన్ని నెలల్లోనే కనుపాప చుట్టూ కొత్త నాళాలు పుట్టి, కంటిలో ఒత్తిడి పెరిగి గ్లాకోమా (నీటికాసులు) రావచ్చు. పక్క నాళాలు సరిగా కుదురుకోని రోజులు కూడా తరచుగా అవే.