బెంగళూరు సిటీ బస్సు: కొత్తగా వచ్చినవాళ్ల అపోహలు, అసలు సంగతులు

రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బెంగళూరులో దిగే మనవాళ్లు చాలామంది, బ్యాగు కింద పెట్టకముందే ఆటో బేరం మొదలుపెడతారు. అదే రోడ్డు మీద బీఎంటీసీ, అంటే ఇక్కడి సిటీ బస్సుల సంస్థ బస్సు వెళ్తూనే ఉంటుంది. ఎక్కకపోవడానికి కారణం బద్ధకం కాదు, బస్సుల గురించి తలా ఒక మాట విని ఉండటం. ఆ మాటల్లో ఏది నిలుస్తుందో, ఏది తేలిపోతుందో చూద్దాం.

అపోహ: ఎక్కడికి వెళ్లాలన్నా ముందు మెజెస్టిక్ చేరాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేసే నమ్మకం ఇదే. మెజెస్టిక్ అంటే కెంపేగౌడ బస్‌స్టేషన్, రైల్వేస్టేషన్‌కి ఎదురుగా ఉంటుంది. బోర్డుల మీద ‘కేబీఎస్’ అని కనిపించేదీ అదే. రైల్లోనో ఆర్టీసీ బస్సులోనో అక్కడే దిగితే సరే. కానీ వెళ్లాల్సింది మారతహళ్లి, బెళ్లందూరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అయితే, ఊరి నడిబొడ్డుకి వెళ్లి మళ్లీ ఊరి చివరికి రావడం చుట్టు తిరుగుడు.

500తో మొదలయ్యే నంబర్లు చాలావరకు ఔటర్ రింగ్ రోడ్డు బస్సులు. వీటికి మెజెస్టిక్‌తో పని లేదు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చే బస్సులు హెబ్బాళ్ మీదుగా ఊళ్లోకి వస్తాయి. అక్కడే దిగి 500డీ ఎక్కితే రింగ్ రోడ్డు పట్టుకుని సిల్క్ బోర్డు జంక్షన్ దాకా పోవచ్చు. అయితే దిగిన చోటే ఎక్కే స్టాపు ఉండదు. ఫ్లైఓవర్ దగ్గర రోడ్డు మారాలి. పెద్ద బ్యాగులుంటే ఈ నడకను ముందే లెక్కలో వేసుకోండి.

చిత్తూరు, కోలారు మీదుగా వచ్చేవాళ్లకి కేఆర్ పురం, టిన్ ఫ్యాక్టరీ స్టాపుల దగ్గర ఇదే వెసులుబాటు ఉంది. వైట్‌ఫీల్డ్ వెళ్లేవాళ్లు కేఆర్ పురంలో దిగి మెట్రో ఎక్కడం ఇంకా మేలు. బస్సును పొగడాలని మెట్రోను దాచక్కర్లేదు కదా.

అపోహ: నంబరు సరిపోతే చాలు, వెనకున్న అక్షరం ఏదైనా ఒకటే.

అక్షరమే అసలు విషయం. సిల్క్ బోర్డు దగ్గర నిలబడి హెబ్బాళ్ వెళ్లాలనుకున్నవారు 500 అని కనిపించగానే 500సీఏ ఎక్కేస్తే, మారతహళ్లి దాకా దారి సరిగానే ఉన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత బస్సు వైట్‌ఫీల్డ్‌లోని ఐటీ పార్కు ఐటీపీఎల్ వైపు తిరిగిపోతుంది. పొరపాటు తెలిసేసరికి వెనక్కి రావడానికి ఇంకో టికెట్.

నంబరు ముందున్న అక్షరానికీ అర్థం ఉంది. ‘వీ’ ఉంటే వజ్ర, అంటే ఏసీ బస్సు, ఛార్జీ ఎక్కువ. ‘కేఐఏ’ ఉంటే వాయువజ్ర, అంటే ఎయిర్‌పోర్టు బస్సు. ఇంకో చిక్కు, ఒకే నంబరు బస్సు రెండు దిక్కులా తిరుగుతుంది. కాబట్టి నంబరు చూశాక బోర్డు మీద చివరి ఊరి పేరు కూడా చూడండి, లేదా కండక్టర్‌ని అడగండి.

అపోహ: కన్నడ రాకపోతే బస్సెక్కలేం.

తెలుగు చదవగలిగినవాళ్లకి ఈ భయం అసలు ఉండకూడదు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. గ, జ, ట, డ, న, బ, ర వంటివి దాదాపు మన అక్షరాల్లాగే ఉంటాయి. మన తలకట్టు టిక్కులా ఉంటే, వాళ్లది అడ్డగీతలా ఉంటుంది. తడబడేది క, త, శ లాంటి కొన్నిటి దగ్గరే. నాలుగు బోర్డులు కూడబలుక్కుంటే అయిదోది దానంతటదే వచ్చేస్తుంది. నంబర్లు ఎలాగూ మనకు తెలిసిన అంకెల్లోనే ఉంటాయి.

మాటల్లో మూడు చాలు. ‘మెజెస్టిక్ హోగుత్తా?’ అంటే మెజెస్టిక్ వెళ్తుందా అని. ‘ఎష్టు?’ అంటే ఎంత. ‘ఇల్లి ఇళీబేకు’ అంటే ఇక్కడ దిగాలి. చిల్లరకు వాళ్లూ ‘చిల్లరె’ అనే అంటారు. తెలుగు అర్థమయ్యే కండక్టర్లు చాలామందే ఉంటారు, అయినా మొదటి మాట కన్నడలో అడిగితే జవాబులో తేడా తెలుస్తుంది.

అపోహ: ఆడవాళ్లకి అన్ని బస్సుల్లోనూ ఫ్రీ.

తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న వచ్చింది. కర్ణాటక శక్తి పథకం ఆ రెండిటికంటే ముందే, 2023 జూన్ 11 నుంచి ఉంది. మూడు చోట్లా ఉంది కదా అని గుంటూరు అడ్రసున్న ఆధార్ చూపిస్తే బెంగళూరులో చెల్లదు. శక్తి కర్ణాటకలో నివాసం ఉన్న మహిళలకే. చూపించే ప్రభుత్వ గుర్తింపు కార్డు మీద కర్ణాటక అడ్రసు ఉండాలి.

ఇక్కడ చూసేది మాతృభాష కాదు, అడ్రసు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ ఆధార్‌లో ఊరి అడ్రసే ఉంచుకున్నవాళ్లు అది మార్పించుకుంటే వాళ్లకీ వర్తిస్తుంది. ఫ్రీ అయినా టికెట్ తీసుకోవాలి. కండక్టర్ సున్నా రూపాయల టికెట్ ఇస్తారు, చెకింగ్ వస్తే అదే చూపించాలి. వజ్ర, వాయువజ్ర ఏసీ బస్సుల్లో శక్తి లేదు.

అపోహ: ఎలక్ట్రిక్ బస్సంటే ఏసీ, ఛార్జీ ఎక్కువ.

బీఎంటీసీలో మామూలు ఛార్జీతో తిరిగే నాన్-ఏసీ ఎలక్ట్రిక్ బస్సులు బోలెడు. శక్తి టికెట్ కూడా చెల్లుతుంది. కొత్తగా నిగనిగలాడుతోందని వదిలేసి పాత బస్సు కోసం నిలబడక్కర్లేదు.

అపోహ: డే పాస్ తీసుకుంటే ఎప్పుడూ లాభమే.

2025 జనవరిలో ఛార్జీలు 15 శాతం పెరిగాయి. మొదటి స్టేజి 5 రూపాయల నుంచి 6కి, మామూలు బస్సు డే పాస్ 70 నుంచి 80కి చేరాయి. లెక్క సులువే. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకి, ఎంత దూరమైనా రెండు టికెట్లతో 80 రూపాయలు తిరిగి రావు. ఆసుపత్రి, ల్యాబ్, బంధువుల ఇల్లు అంటూ నాలుగైదు దూరపు బస్సులు మారేవాళ్లకే లాభం. పాస్ కండక్టర్ దగ్గరే దొరుకుతుంది, కాబట్టి కొనాలనుకుంటే మొదటి బస్సులోనే కొనాలి. మూడో బస్సులో గుర్తొస్తే అప్పటికే సగం నష్టం. మామూలు పాస్ ఏసీ బస్సులో చెల్లదు.

అపోహ: ఫోన్‌పే ఉంటే చిల్లర అక్కర్లేదు.

కండక్టర్ల దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, నిజమే. కానీ కిక్కిరిసిన బస్సులో, అండర్‌పాస్ కింద, నెట్‌వర్క్ తిరుగుతూ ఉండగా స్టాపు దాటిపోతుంది. పది, ఇరవై నోట్లు ఓ వంద రూపాయల దాకా జేబులో ఉంచుకోండి. పెద్ద నోటిస్తే, మిగతా డబ్బు ఎంతో టికెట్ వెనక రాసిచ్చి తర్వాత ఇస్తామనడం ఇక్కడ మామూలే. ఆ టికెట్ పారేస్తే బాకీకి ఆధారం పోయినట్టే. స్టాపు రాకముందే అడిగి తీసుకోండి. దిగాక కూడా స్టాపు దాటేదాకా టికెట్ చేతిలోనే ఉండాలి, చెకింగ్ వాళ్లు దిగే చోట కూడా అడుగుతారు.

అపోహ: మ్యాపులో చూపించిన టైముకి బస్సు వస్తుంది.

మ్యాపు చూపించేది చాలాసార్లు టైమ్‌టేబుల్ లెక్కే. బస్సు నిజంగా ఎక్కడుందో చూడాలంటే ‘నమ్మ బీఎంటీసీ’ యాప్ పనికొస్తుంది. దాన్లోనూ బస్సులోని పరికరం పనిచేయకపోతే బస్సు కనపడదు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిదిన్నర మధ్య రింగ్ రోడ్డు మీద ఏ లెక్కా నిలవదు. ఇంటర్వ్యూ ఉంటే ఒక గంట ముందుకు జరుపుకోవడం తప్ప మందు లేదు.

అపోహ: ఖాళీ సీటు కనపడితే కూర్చోవచ్చు.

ముందు వైపు సీట్లు ఆడవాళ్లవి. అక్కడ కూర్చున్న మగవాళ్లకి చెకింగ్‌లో 100 రూపాయల జరిమానా పడుతుంది. రెండు తలుపులున్న బస్సులో ముందు తలుపు ఆడవాళ్లకి, వెనకది మగవాళ్లకి. కుటుంబంతో ఎక్కితే దిగే స్టాపు పేరు అందరికీ ముందే చెప్పి ఎక్కండి, లోపల ఒకరికొకరు కనపడరు.

అపోహ: ఎయిర్‌పోర్టుకి క్యాబ్ తప్ప దారి లేదు.

వాయువజ్ర బస్సులు ఉన్నవే అందుకు. మెజెస్టిక్ నుంచి కేఐఏ-9, ఎలక్ట్రానిక్ సిటీ వైపు నుంచి కేఐఏ-8. సామాన్లు పెట్టుకోవడానికి లోపలే అరలుంటాయి. ఛార్జీ దూరాన్ని బట్టి, టికెట్ బస్సులోనే. కేఐఏ-8 సిల్క్ బోర్డు, మారతహళ్లి మీదుగా వెళ్తుంది కాబట్టి, సాయంత్రం ఫ్లైటయితే దారికే రెండున్నర గంటలు వేసుకోండి. తెల్లవారుజాము ఫ్లైటయితే రోడ్డు ఖాళీ, కానీ రాత్రిళ్లు బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం ఎక్కువ. ఒకటి తప్పితే తర్వాతది ఎప్పుడో యాప్‌లో చూసుకున్నాకే ఇంట్లోంచి బయల్దేరండి.