నవంబరు మంచు ఎందుకు జారుతుంది?

అక్టోబరు చివర, నవంబరు మొదట్లో కొలరాడో కొండలు సగం బోడిగానే ఉంటాయి. ఎండ పడే వాలుల మీద గడ్డీ రాళ్లూ కనిపిస్తుంటే, ఇంత కొంచెం మంచుకు చరియలేం విరుగుతాయిలే అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో మంచు నిలిచేది రెండే చోట్ల: చెట్లు మొలవని ఎత్తుల్లో ఎండ తగలని ఉత్తరపు వాలుల మీద, పడమటి గాలి మంచును తెచ్చి పోసే తూర్పు వాలుల మీద. లవ్‌లాండ్ కనుమ (సుమారు 3,650 మీటర్లు) చుట్టుపక్కల స్కీయర్లు వెతుక్కునేదీ ఆ మంచునే, విరిగి పడేదీ అదే.

మంచు కింద నేల దాదాపు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రి పైపొర మైనస్ 15కి చల్లబడిందనుకుందాం. మంచు 2 మీటర్లుంటే తేడా మీటరుకు ఏడున్నర డిగ్రీలు. 60 సెంటీమీటర్లే ఉంటే మీటరుకు 25 డిగ్రీలు! ఈ తేడా సుమారు 10 దాటితే నీటిఆవిరి కింది నుంచి పైకి చురుగ్గా కదులుతుంది. రేణువుల మధ్య అతుకులు వదులై, అవి కోణాలు తేలిన పెద్ద స్ఫటికాలవుతాయి. గుప్పిట్లో ఎంత నొక్కినా ముద్ద కట్టవు, పంచదారలా జారిపోతాయి. మంచు పలచగా ఉన్నందువల్లే అడుగుపొర రోజురోజుకూ బలం కోల్పోతుంది.

దాని మీద కొత్త మంచు 30 సెంటీమీటర్లు పడి, గాలికి బిగుసుకుంటే స్లాబు (ఒకే పలకలా విరిగి జారే బిగుసు పొర) తయారవుతుంది. ఇరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పున్న ముక్క, ఘనపు మీటరుకు 200 కిలోల లెక్కన, 24 టన్నులు. స్కీయరు బరువు పడగానే అడుగుపొర కూలి, ఆ పగులు వాలంతా పాకుతుంది. కాలికింద మంచు ధబ్బుమని కుంగినా, స్కీల ముందు చీలికలు పరుగెత్తినా వెంటనే వెనక్కి తిరగాలి.

అడుగుపొర బలాన్ని తవ్వి చూడాలంటే వాలు వెంట 30 సెంటీమీటర్లు, వాలుకు అడ్డంగా 90 సెంటీమీటర్లు ఉన్న మంచు దిమ్మెను విడదీసి, ఒక చివర పార ఆనించి, మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది దెబ్బలు కొడతారు. పగులు ఒక్కసారిగా అవతలి చివర దాకా పాకితే ఆ వాలు వద్దు. పాకకపోయినా ధైర్యం తెచ్చుకోకూడదు. సీజన్ మొదట్లో నాలుగడుగుల దూరంలోనే మంచు మందం మారిపోతుంది. స్లాబులు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. పైన అలాంటి వాలు లేని చోట, 30 లోపు వాలుకే పరిమితం కావడం ఏ పరీక్షకన్నా నమ్మకం.

ఐస్ క్లైంబర్ల ఇబ్బంది వేరు. గడ్డకట్టిన జలపాతాలు నీరు దిగే ఇరుకు దారుల్లోనే ఉంటాయి, పైనున్న గిన్నెలాంటి వాలు మంచూ ఆ దారినే దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా శిఖరం మీంచి గాలికి మంచు లేస్తుంటే పైన స్లాబు పెరుగుతున్నట్టే. పది సెంటీమీటర్ల మంచు జారినా తాడు లేని మనిషిని ఈడ్చుకుపోతుంది. పలచటి మంచులో రాళ్లు తేలి ఉంటాయి కాబట్టి కూరుకుపోకుండానే ప్రాణం పోవచ్చు. తాడు పట్టే మనిషి దారి మధ్యలో కాక పక్కన, బండ చాటున నిలవాలి. బరువని చాలామంది వదిలేసే 457 కిలోహెర్ట్‌జ్ బీకన్ (కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో సంకేతంతో తెలిపే పరికరం), పొడవాటి ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), లోహపు పార మాత్రం అందరి దగ్గరా ఉండాలి. కూరుకుపోయినవాళ్లను పావుగంటలోపు తీయగలిగేది పక్కనున్న జట్టే.