బీపీ ఉన్నవాళ్ల లెక్క ఉంది, అదుపులోకి వచ్చినవాళ్ల లెక్కేది?

మా అమ్మ చాలా ఏళ్లుగా రోజూ బీపీ మాత్ర వేసుకుంటోంది, ఎప్పుడు చూసినా పై అంకె 130 దాటదు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు మా ఇంటికొస్తే ఆమెను బీపీ ఉన్నవాళ్లలోనే లెక్కేస్తారు. మందు ముట్టకుండా 170తో తిరిగే మనిషిదీ అదే లెక్క. అదెలాగో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మొదట్లో జబ్బుల లెక్క చాలావరకు అడిగి రాసుకున్నదే. జాతీయ నమూనా సర్వేలో ఇప్పటికీ గత 15 రోజుల్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా, ఏడాదిలో ఎవరైనా ఆస్పత్రిలో చేరారా అని అడుగుతారు. 2017-18లో దేశం మొత్తం మీద నూటికి 7.5 మంది బాగోలేదన్నారు, కేరళలోనేమో దాదాపు పావు వంతు. మరి కేరళవాళ్లు దేశ సగటు కంటే ఎక్కువ కాలం బతుకుతారు కదా! అమర్త్య సేన్ 2002లోనే ఈ సంగతి ఎత్తిచూపారు: చదువు, వైద్యం అందినచోట మనిషి తన జబ్బును గుర్తుపడతాడు, అందనిచోట నీరసాన్ని కూడా మామూలే అనుకుంటాడు.

అందుకే అడగడంతో ఆగకుండా కొలవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1972 నుంచి ఇళ్లకు వెళ్లి తిండి, ఎత్తు, బరువు కొలిపించింది. కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో కాన్పులు, పిల్లల చుట్టూ మొదలైంది, 1998-99లో వేలి చుక్కతో రక్తహీనత చూశారు, 2015-16లో బీపీ, షుగర్ చేరాయి. జిల్లాల వారీ అంకెలు కూడా అప్పుడే వచ్చాయి, అది నిజంగా పెద్ద మేలు, ఎందుకంటే ఆస్పత్రి రిజిస్టర్‌కు గడప దాటి వచ్చినవాళ్లే తెలుస్తారు.

తర్వాతి విడత మన రెండు రాష్ట్రాల్లో 2019లో జరిగింది. తెలంగాణలో మగవాళ్లలో 31.4 శాతం, ఆడవాళ్లలో 26.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29, 25.3 శాతం మందికి బీపీ అని తేలింది. దీన్ని 2015-16తో పోల్చి పెరిగిపోయిందనడం తప్పు, అప్పుడు కొలిచింది 49 ఏళ్ల లోపు ఆడవాళ్లకు, 54 లోపు మగవాళ్లకే, ఈసారి 15 దాటిన అందరికీ. పైగా ఇందులో 140/90 లేదా అంతకు మించి ఉన్నవాళ్లతోపాటు బీపీ మందు వాడుతున్నవాళ్లందరూ ఉన్నారు. అంటే ఏఎన్‌ఎం ఎంత శ్రద్ధగా మాత్రలు అందించినా, అవి ఎంత బాగా పనిచేసినా ఆ అంకె తగ్గదు! షుగర్ లెక్కా ఇంతే.

నిజానికి సమాచారం లేక కాదు. మందు వాడుతున్నారా అని అడుగుతున్నారు, బీపీ మూడుసార్లు చూస్తున్నారు, పరిశోధకులు ఆ రెండూ కలిపి ఎంతమందికి అదుపులో ఉందో తీస్తున్నారు కూడా. అదే అంకె జిల్లా పట్టికలో ఒక వరుసగా ఉండాలి. ప్రతి విడతలో కొత్త ఇళ్లు ఎంచుకుంటారు కాబట్టి మా అమ్మలాంటి ఒక్క మనిషికి ఏమైందో అది చెప్పలేదు, కానీ మందు అందినవాళ్లలో ఎందరికి గుణం కనిపించిందో జిల్లా మొత్తానికి చెప్పగలదు.