సర్టిఫికెట్ రాసేది ఎవరి డాక్టరు?

2004లో ఇండోనేషియా ఓటర్లు మొదటిసారి తమ అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకోబోతున్నారు. బరిలోకి దిగాలనుకున్నవాళ్లలో అబ్దుర్‌రహ్మాన్ వాహిద్ ఒకరు. జనానికి ఆయన గుస్ దుర్. 1999 నుంచి 2001 దాకా ఆ దేశానికి అధ్యక్షుడిగా పనిచేశారు కూడా. చూపు దాదాపు పూర్తిగా పోయింది. అంతకుముందే పక్షవాతం వచ్చి కోలుకున్నారు. ఎన్నికల సంఘం అభ్యర్థులను వైద్య పరీక్షలకు పంపింది. డాక్టర్ల బృందం ఇచ్చిన నివేదిక చూసి ఆయన పోటీకి పనికిరారని తేల్చేసింది.

ఇందులో విచిత్రం ఏమిటంటే, 1999లో ప్రజా సలహా సభ ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నప్పుడు కూడా ఆయనకు చూపు లేదు. ఆ సంగతి దేశంలో అందరికీ తెలుసు. కాబట్టి 2004లో డాక్టర్లు కొత్తగా కనిపెట్టిన రోగమేమీ లేదు. ఈ మధ్యలో మారింది రూలు. అధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్లు శారీరకంగా, మానసికంగా ఆ బాధ్యతలు మొయ్యగలిగి ఉండాలని 2001 రాజ్యాంగ సవరణలో చేర్చారు. గుస్ దుర్ ఆగిపోయారు గానీ ఆయన తమ్ముడు సలాహుద్దీన్ వాహిద్ అదే ఎన్నికల్లో జనరల్ విరాంటో పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలబడ్డారు. ఆ పరీక్షలు ఇప్పటికీ నడుస్తున్నాయి. 2018లోనూ, 2023లోనూ అధ్యక్ష అభ్యర్థులు జకార్తాలోని సైనిక ఆసుపత్రికి వెళ్లి గంటల తరబడి పరీక్షలు చేయించుకుని వచ్చారు.

రాజకీయ నాయకులకు ఫిట్‌నెస్ టెస్ట్ తప్పనిసరి చెయ్యాలనే మాట ఏదో ఒక దేశంలో ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. దాని వెంటే ఒక పోలిక వస్తుంది: విమానం నడిపే పైలట్‌కి ఏటా పరీక్ష ఉంది, దేశాన్ని నడిపేవాళ్లకు వద్దా? వినగానే నిజమే కదా అనిపిస్తుంది. కానీ పైలట్‌కి ఎంత చూపుండాలో, గుండె ఎలా కొట్టుకోవాలో కొలతలున్నాయి. ప్రధానికో అధ్యక్షుడికో ఏది కొలవాలి? ఇంతవరకూ ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. అయినా ఈ డిమాండు చావలేదంటే కారణం ఉంది. నాయకుల జబ్బుల గురించి జనానికి చెప్పిన అబద్ధాల చరిత్ర చాలా పెద్దది.

1893 జూలై 1న అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లండ్ ఒక స్నేహితుడి పడవలో విహారానికి వెళ్లారని అందరూ అనుకున్నారు. ఆ పడవ పేరు ఒనైడా. లోపల గదిలో పడవ స్తంభానికి ఒక కుర్చీ కట్టి, అందులో అధ్యక్షుణ్ని కూర్చోబెట్టి, మత్తిచ్చి, పై దవడలో పెరిగిన కణితిని పళ్లతో సహా తీసేశారు. కోతలన్నీ నోటి లోపలి నుంచే పెట్టారు. పెద్ద మీసం చెక్కుచెదరలేదు. తర్వాత రబ్బరుతో చేసిన కృత్రిమ దవడ అమర్చారు. మాట కూడా మామూలుగానే వచ్చింది. దేశం అప్పుడు ఆర్థిక సంక్షోభంలో ఉంది, ఆయనకు క్యాన్సర్ అని తెలిస్తే మార్కెట్లు ఇంకా కుప్పకూలుతాయని భయం. రెండు నెలలు తిరక్కుండానే ఒక ఫిలడెల్ఫియా పత్రికలో ఈ.జె. ఎడ్వర్డ్స్ అనే విలేకరి మొత్తం రాసేశాడు. అధ్యక్షుడి మనుషులు అది పంటి నొప్పి అన్నారు, ఎడ్వర్డ్స్‌ని అబద్ధాలకోరన్నారు. ఆ మచ్చ ఇరవై నాలుగేళ్లు ఆయన్ని వదల్లేదు. ఆపరేషన్‌లో పాల్గొన్న డాక్టర్ విలియం కీన్ 1917లో నోరు విప్పాకే అది పోయింది.

1919లో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. ఆయన్ని ఎవరు కలవాలో, ఏ కాగితం ఆయన దగ్గరికి వెళ్లాలో నెలల తరబడి ఆయన భార్య ఎడిత్, సొంత డాక్టర్ కలిసి నిర్ణయించారు. కానీ విల్సన్ అప్పటికే పదవిలో ఉన్నారు. ఓటు వెయ్యబోయేవాళ్లకు నిజం దాచిన కేసు కావాలంటే రూజ్‌వెల్ట్‌ని చూడాలి.

1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే యువ గుండె డాక్టర్ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ని పరీక్షించాడు. బీపీ 186/108. గుండె పెరిగి ఉంది, ఫెయిలయ్యే దశలో ఉంది. రూజ్‌వెల్ట్ సొంత డాక్టర్ రాస్ మెకింటైర్ మాత్రం వయసుకి తగ్గట్టు అంతా బాగానే ఉందని బయటికి చెబుతూ వచ్చారు. వదంతులు ముదిరేసరికి అక్టోబర్‌లో చలివానలో న్యూయార్క్ వీధుల్లో గంటల తరబడి ఓపెన్ కారులో తిప్పారు. నవంబర్‌లో నాలుగోసారి గెలిచారు. జనవరిలో ప్రమాణం చేశారు. ఏప్రిల్ 12న చనిపోయారు. ఆ సాయంత్రం పదవి చేపట్టిన హ్యారీ ట్రూమన్‌కి అణుబాంబు పథకం గురించి అప్పటిదాకా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. రూజ్‌వెల్ట్ మెడికల్ ఫైలు ఆసుపత్రి లాకరులోంచి మాయమైంది, మళ్లీ దొరకలేదు.

నిజం చెప్పినా కొంపలేమీ మునగవని చూపించిన సందర్భం కూడా ఉంది. 1955 సెప్టెంబర్‌లో ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చింది. డాక్టర్ పాల్ డడ్లీ వైట్ విలేకరుల్ని కూర్చోబెట్టి, గుండెలో ఏం జరిగిందో పాఠంలా చెప్పారు. అధ్యక్షుడికి విరేచనం సాఫీగా అయిందని కూడా చెప్పారు. కొందరు ముక్కు చిట్లించారు గానీ, మరుసటి ఏడాది ఓటర్లు ఐసెన్‌హోవర్‌ని మళ్లీ గెలిపించారు.

అదే ఓటర్లు, అదే పత్రికలు 1972లో ఇంకోలా ప్రవర్తించారు. డెమోక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి థామస్ ఈగల్టన్ గతంలో డిప్రెషన్‌తో ఆసుపత్రిలో చేరారని, కరెంటు షాక్ చికిత్స తీసుకున్నారని బయటపడింది. టికెట్ దక్కిన 18 రోజులకే తప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 1987 దాకా ఆయన సెనేటర్‌గా పనిచేశారు, ఏ ఇబ్బందీ రాలేదు. గుండె జబ్బుని జనం క్షమించారు, మనసుకొచ్చిన జబ్బుని క్షమించలేదు. ఫిట్‌నెస్ పరీక్షలు తప్పనిసరి చేస్తే ఈ తేడా రూలు పుస్తకంలోకి ఎక్కుతుందనేదే నాకున్న మొదటి అనుమానం.

రెండో అనుమానానికి కారణం 1964. ఫ్యాక్ట్ అనే పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకు ఉత్తరాలు రాసి, రిపబ్లికన్ అభ్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ అధ్యక్ష పదవికి మానసికంగా పనికొస్తారా అని అడిగింది. 2,417 మంది జవాబిస్తే, అందులో 1,189 మంది పనికిరారన్నారు. వాళ్లెవరూ ఆయన్ని పరీక్షించలేదు. గోల్డ్‌వాటర్ ఎన్నికల్లో ఓడారు గానీ పత్రిక మీద వేసిన పరువునష్టం కేసు గెలిచారు. దగ్గరుండి పరీక్షించని మనిషి గురించి, అనుమతి లేకుండా, ఏమీ అనకూడదని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో నియమం పెట్టుకుంది. గోల్డ్‌వాటర్ రూల్ అంటే అదే. డాక్టర్లకూ ఓటుంటుంది, పార్టీ అభిమానాలుంటాయి. తెల్లకోటు వేసుకుంటే అవి పోవు.

ఇక సొంత డాక్టర్ ఇచ్చే బులెటిన్ ఎంత విలువైనదో ఫ్రాన్స్ చూపించింది. 1974లో అధ్యక్షుడు పాంపిడు పదవిలో ఉండగానే చనిపోయారు. జబ్బు సంగతి చివరిదాకా దాచారు. అలా చెయ్యనని, ఎప్పటికప్పుడు ఆరోగ్య బులెటిన్లు విడుదల చేస్తానని 1981లో గెలిచిన ఫ్రాన్స్వా మిట్టరాండ్ మాటిచ్చారు. గెలిచిన ఆర్నెల్లకే ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తేలింది. బులెటిన్లు ఆగలేదు. డాక్టర్ క్లోద్ గుబ్లే సంతకంతో, ఆరోగ్యం భేషుగ్గా ఉందంటూ వస్తూనే ఉన్నాయి. 1988లో మిట్టరాండ్ మళ్లీ పోటీ చేసి గెలిచారు కూడా. జబ్బు సంగతి 1992లో గానీ బయటికి చెప్పలేదు. 1996 జనవరిలో ఆయన చనిపోయిన కొద్ది రోజులకే గుబ్లే నిజమంతా పుస్తకంగా రాసేశారు. వెంటనే కోర్టు అమ్మకాలు ఆపేసింది. ఆ నిషేధాన్ని అలా కొనసాగించడం తప్పని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2004లో తీర్పిచ్చింది. అబద్ధపు బులెటిన్లు పదకొండేళ్లు నడిచిన దేశంలో, నిజం రాసిన పుస్తకం దుకాణంలో రెండు రోజులు కూడా నిలవలేదు.

గుబ్లేని తిట్టడం తేలికే. ఆయన పేషెంటు చెప్పొద్దన్నాడు, డాక్టర్ చెప్పలేదు. వైద్య గోప్యత అంటే అదే మరి. చిక్కంతా ఆ గోప్యత చాటున ప్రభుత్వ ప్రకటన వెలువడటంలో ఉంది. సొంత డాక్టర్ పేషెంటుకి జవాబుదారీ, ఓటరుకి కాదు.

అయితే సొంత డాక్టర్ కాకుండా సర్కారు నియమించిన డాక్టర్లయితే సరిపోతుందా? 1987 నవంబర్ 7 తెల్లవారేసరికి ట్యునీషియా ప్రధాని బెన్ అలీ రేడియోలో మాట్లాడుతున్నాడు. యావజ్జీవ అధ్యక్షుడు హబీబ్ బూర్గిబా వయసు మీద పడి, ఆరోగ్యం పాడై బాధ్యతలు మొయ్యలేకపోతున్నారని ఏడుగురు డాక్టర్లు సంతకం చేశారని, కాబట్టి రాజ్యాంగం ప్రకారం తాను పదవి తీసుకుంటున్నానని ప్రకటించాడు. ఆ సంతకాలు రాత్రికి రాత్రి పెట్టించినవి. దీన్ని జనం మెడికల్ కుట్ర అన్నారు. బూర్గిబా వృద్ధుడైన మాట నిజమే. కానీ ఆ సర్టిఫికెట్ తర్వాత ఆయన ఇంకో పన్నెండేళ్లకు పైగా బతికి, 96 ఏళ్ల వయసులో పోయారు. బెన్ అలీ 23 ఏళ్లు పాలించాడు.

ఆఫ్రికాలో కొన్ని దేశాలు ఈ పరీక్షను రాజ్యాంగంలోనే రాసుకున్నాయి. బెనిన్ 1990లో, ఐవరీ కోస్ట్ 2000లో (2016లో వచ్చిన కొత్త రాజ్యాంగంలో ఐవరీ కోస్ట్ దీన్ని వదిలేసింది). అధ్యక్ష అభ్యర్థికి 'సంపూర్ణమైన శారీరక, మానసిక క్షేమం' ఉందని ముగ్గురు డాక్టర్లు ధ్రువీకరించాలి. ఆ డాక్టర్లను రాజ్యాంగ న్యాయస్థానమో మండలియో నియమిస్తుంది. డాక్టర్ ఎవరి మనిషి అన్న ప్రశ్నకు ఇది కొంత మెరుగైన జవాబు. కానీ ఆ మాటలు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఆరోగ్య నిర్వచనాన్ని గుర్తుచేస్తాయి. అరవై దాటిన ఎవరికుంటుంది సంపూర్ణ క్షేమం? షుగరో బీపీయో లేని అభ్యర్థిని వెతకాలి. నియమం అంత వదులుగా ఉంటే, అది ఎవరి మీద పడాలో నియమం పెట్టినవాళ్లే తేల్చుకుంటారు.

ఫిలిప్పీన్స్ వేరే దారి పట్టింది. పాత అధ్యక్షుడు మార్కోస్ తన కిడ్నీ జబ్బును ఏళ్ల తరబడి దాచిన అనుభవంతో, అధ్యక్షుడికి తీవ్రమైన జబ్బు చేస్తే ప్రజలకు చెప్పి తీరాలని 1987 రాజ్యాంగంలో రాశారు. పాస్, ఫెయిల్ అనే మాట లేదు. నాకు ఇదే నచ్చుతుంది. చెప్పమనడం వేరు, ఆపమనడం వేరు.

మిగతా చాలా చోట్ల చట్టం ఇటువైపే రాలేదు. భారత రాజ్యాంగం 102వ అధికరణ ప్రకారం మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటిస్తేనే అనర్హత. అఫిడవిట్‌లో ఆస్తులు, కేసులు, చదువు రాయాలి గానీ జబ్బులు రాయక్కర్లేదు. బ్రిటన్ అయితే వెనక్కి నడిచింది. మానసిక అనారోగ్యంతో ఆసుపత్రిలో నిర్బంధించిన ఎంపీ ఆరు నెలల్లో కోలుకోకపోతే సీటు పోతుందన్న పాత నియమాన్ని 2013లో ఎత్తేశారు. అంతకు ఏడాది ముందే కొందరు ఎంపీలు సభలో నిలబడి తమ డిప్రెషన్ గురించి, ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా పీడించే మానసిక జబ్బు) గురించి చెప్పుకున్నారు. వికలాంగులకు ఎన్నికల్లో నిలబడే హక్కు ఉండాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం అంటోంది. గుస్ దుర్ ఉదంతం ఆ ఒప్పందానికి రెండేళ్ల ముందుది.

అమెరికాలో పరీక్ష తప్పనిసరి కాదు, అందుకే అది ఒక ప్రదర్శనగా మారింది. 2008లో జాన్ మెకెయిన్ 1,173 పేజీల రికార్డుల్ని విలేకరుల ముందు పెట్టి, మూడు గంటల్లో చదువుకోమన్నారు. 2015లో ట్రంప్ డాక్టర్, ఈయన గెలిస్తే ఇంత ఆరోగ్యవంతుడైన అధ్యక్షుడు ఇంతవరకూ ఉండడని ఉత్తరమిచ్చాడు. అది ట్రంపే చెప్పి రాయించాడని 2018లో అదే డాక్టర్ అన్నాడు. 2018లో ట్రంప్‌కి ముప్పైకి ముప్పై వచ్చిన పరీక్ష పదినిమిషాలది. గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలకు ముళ్లు పెట్టాలి, జంతువుల పేర్లు చెప్పాలి, ఐదు మాటలు గుర్తుపెట్టుకోవాలి. మతిమరుపు జబ్బు తొలి లక్షణాల్ని పట్టడానికి తయారుచేసిన పరీక్ష అది. యుద్ధానికి వెళ్లాలా వద్దా అనే నిర్ణయాన్ని తూచే త్రాసు కాదు. 2024 ఫిబ్రవరిలో బైడెన్ విధులకు ఫిట్ అని వైట్‌హౌస్ డాక్టర్ రాశారు. జూన్ 27న ట్రంప్‌తో టీవీ చర్చలో ఆయన తడబడటం చూసినవాళ్లు తమ నిర్ణయానికి తాము వచ్చారు. జూలై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నారు.

సర్టిఫికెట్ తప్పనిసరైన దేశంలో ఏం జరిగిందో కూడా చూడాలి. అల్జీరియా ఎన్నికల చట్టం ప్రకారం అధ్యక్ష అభ్యర్థి ఫైలులో డాక్టర్లిచ్చిన మెడికల్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. 2013లో అధ్యక్షుడు అబ్దెల్‌అజీజ్ బూతెఫ్లికాకు పక్షవాతం వచ్చింది. 2014లో ఆయన ఒక్క సభలోనూ మాట్లాడలేదు, చక్రాల కుర్చీలో వచ్చి ఓటేశారు. రాజ్యాంగ మండలి మాత్రం ఆయన అభ్యర్థిత్వాన్ని ఆమోదించింది, ఆయన నాలుగోసారి గెలిచారు. ఆ తర్వాత అధికారిక సభల్లో ఆయన బదులు ఫ్రేమ్ కట్టిన ఫోటో పెట్టేవారు. జనం ఆయన్ని వెటకారంగా 'ఫ్రేమ్' అనడం మొదలుపెట్టారు. ఐదోసారి కూడా పోటీ అన్నాక 2019 ఫిబ్రవరి 22న వీధుల్లోకి వచ్చారు. మార్చి 3న ఆయన జెనీవా ఆసుపత్రిలో ఉండగానే ప్రచార మేనేజరు వెళ్లి నామినేషన్ ఫైలు ఇచ్చి వచ్చాడు. జనం ఇళ్లకు పోలేదు. ఏప్రిల్ 2న ప్రభుత్వ టీవీలో బూతెఫ్లికా కనిపించారు. చక్రాల కుర్చీలో కూర్చుని, రాజీనామా లేఖను రాజ్యాంగ మండలి అధ్యక్షుడి చేతికిచ్చారు.