కేదార్ లోయ యాత్ర: కొండ ఎత్తు, కర్పూరం, మూసిన తలుపులు (అపోహలు - వాస్తవాలు)

గుప్తకాశీ, ఉఖీమఠ్, చోప్తా. ఉత్తరాఖండ్‌లో మందాకిని లోయ చూడాలనుకునేవాళ్లు ఈ మూడు ఊళ్లలో ఎక్కడో ఒకచోట బస చేస్తారు. కేదార్‌నాథ్, తుంగనాథ్, మధ్యమహేశ్వర్, త్రియుగీనారాయణ్, కాళీమఠ్, దేవరియా తాల్ సరస్సు అన్నీ వీటికి దగ్గర్లోనే ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చే బృందాల ప్లాన్లలో ఒకే లోపం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కిలోమీటర్లు లెక్కపెడతారు, ఎత్తు లెక్కపెట్టరు. కింది అపోహల్లో సగం అక్కడే పుడతాయి.

అపోహ: "తుంగనాథ్ నడక నాలుగు కిలోమీటర్లే. తిరుమల మెట్లెక్కినవాళ్లకి ఇదేం కష్టం?"

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినా మీరు చేరేది వెయ్యి మీటర్ల లోపు ఎత్తుకే. తుంగనాథ్ నడక మొదలయ్యే చోప్తాయే దాదాపు 2,680 మీటర్ల ఎత్తులో ఉంది. గుడి 3,680 మీటర్ల దగ్గర ఉంది. అంటే నాలుగు కిలోమీటర్లలోనే వెయ్యి మీటర్లు ఎక్కాలి. కాళ్లు సహకరించినా ఊపిరి అందదు. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే. కానీ గాలి పీడనం తగ్గడంతో ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది.

మామూలుగా నడిచేవాళ్లకి పైకి రెండున్నర నుంచి మూడున్నర గంటలు, కిందికి గంటన్నర నుంచి రెండు గంటలు పెట్టుకోండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరైనది. మాట తెగుతోందంటే తగ్గించండి. గుడి దాకా రాళ్లు పరిచిన దారి ఉంది. అక్కణ్నుంచి చంద్రశిల శిఖరం మరో కిలోమీటరున్నర, ఎత్తు సుమారు 4,000 మీటర్లు. ఆ భాగమంతా మట్టి, రాళ్లు. నున్నటి అడుగున్న బూట్లతో ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువమంది జారిపడతారు. చౌఖంబా, నందాదేవి శిఖరాలు స్పష్టంగా కనబడాలంటే తెల్లవారుజామున నాలుగింటికే టార్చితో బయల్దేరాలి. పొద్దెక్కితే మబ్బు కమ్ముతుంది. మే నెలలోనూ మధ్యాహ్నాలు వడగళ్లు పడతాయి.

అపోహ: "మంచి వయసులో ఉన్నాం, రోజూ జిమ్‌కి వెళ్తాం, మాకేం కాదు"

ఎత్తు జబ్బు, అంటే పైన ఆక్సిజన్ చాలక వచ్చే అనారోగ్యం, వయసునీ కండనీ చూసి రాదు. ఎంత త్వరగా ఎంత ఎత్తుకి చేరి అక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. పైగా కుర్రాళ్లు వేగంగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్లే ఇబ్బంది పడిన సందర్భాలు చాలా ఉంటాయి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యంలో అందరూ పాటించే సూత్రం. కేదార్‌నాథ్ నడక మొదలయ్యే గౌరీకుండ్ దాదాపు 1,980 మీటర్లు, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. పొద్దున బయల్దేరి, 16 కిలోమీటర్లు నడిచి, అదే రాత్రి పైన పడుకునేవాళ్లంతా ఆ సూత్రాన్ని దాటేస్తున్నారు.

అందుకే మా సలహా, కేదార్‌నాథ్‌ను ముందు పెట్టుకోకండి. మొదటి రాత్రి ఉఖీమఠ్‌లో (1,311 మీటర్లు), తర్వాత రెండు రాత్రులు చోప్తాలో ఉండి తుంగనాథ్ చూసుకోండి. ఆపైన సోన్‌ప్రయాగ్ మీదుగా కేదార్‌నాథ్ వెళ్లండి. అప్పటికి ఒంటికి ఎత్తు కొంత అలవాటవుతుంది. ఒక రోజు సెలవు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, పెట్టండి.

తలనొప్పి, దానికి తోడు వికారం, ఆకలి లేకపోవడం, కళ్లు తిరగడం ఉంటే ఇంకా పైకి వెళ్లకండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో నురగ పడితే, మడమకి బొటనవేలు ఆనించి గీత మీద నడవమంటే తూలిపోతే ఇక ఆలోచించాల్సింది లేదు. రాత్రి అయినా సరే, మనిషిని కిందికి దించాలి. "పొద్దున్నే చూద్దాం" అన్న మాటే ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: "కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుంది"

మన బృందాల్లో ప్రతి సంచిలోనూ ఒక కర్పూరం మూట ఉంటుంది. కర్పూరం ముక్కులోని చల్లదనం తెలిసే నరాలను తాకుతుంది. గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ ఒక్క పాయింటు కూడా పెరగదు. ఊరట మంచిదేగా అనుకోకండి. తలనొప్పితో ఉన్న మనిషి ఆ ఊరటను నమ్ముకుని ఇంకో రెండు కిలోమీటర్లు పైకి వెళ్లిపోతాడు. పిల్లలకు మరో ప్రమాదం ఉంది. హారతి కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి. వాళ్ల జేబులో పెట్టి పంపకండి.

దారిలో అమ్మే ఆక్సిజన్ డబ్బాదీ ఇంచుమించు ఇదే కథ. పది లీటర్ల డబ్బా అనుకుందాం. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే ఐదు నిమిషాల్లో ఖాళీ. కిందికి దిగే ఏర్పాటు జరిగేలోపు కాస్త ఆసరా ఇస్తుందేమో గానీ, దాన్ని చూసుకుని పైన ఉండిపోవడం తప్పు.

ఎత్తు జబ్బు రాకుండా అసిటజోలమైడ్ మాత్ర నిజంగా పనిచేస్తుంది. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఆ సంగతి మీ ఊరి డాక్టర్‌కి చెప్పి, ఆయన రాస్తేనే వాడండి.

అపోహ: "అమ్మానాన్నల్ని హెలికాప్టర్‌లో పంపితే క్షేమం"

మోకాళ్లకి క్షేమమే. కానీ గుప్తకాశీ 1,319 మీటర్లు. అక్కడ ఎక్కిన మనిషి నిమిషాల్లో రెండు వేల మీటర్లకు పైగా ఎత్తు పెరిగి కేదార్‌నాథ్‌లో దిగుతాడు. నడిచేవాడి ఒంటికి దొరికే ఆ కొద్ది గంటల సర్దుబాటు కూడా ఇతనికి దొరకదు. పెద్దవాళ్లను హెలికాప్టర్‌లో పంపితే అదే రోజు తిరిగి వచ్చేలా చూడండి. దర్శనం దాకా మెల్లగా నడిపించండి, బీపీ, షుగర్ మందులు చేతి సంచిలోనే ఉంచండి. వాతావరణం చెడితే హెలికాప్టర్లు ఆగిపోతాయి కాబట్టి రెండు జతల ఉన్ని బట్టలు, రెండు రోజుల మందులు తప్పనిసరి. తిరుగు రైలు టికెట్‌ను మర్నాటికి పెట్టుకోవద్దు.

అపోహ: "కార్తీక పౌర్ణమికి కేదార్‌నాథ్‌లో దీపం పెడదాం"

తెలుగువాళ్లలోనే ఎక్కువగా కనబడే పొరపాటు ఇది. కేదార్‌నాథ్ తలుపులు భగినీ హస్త భోజనం నాడే, అంటే కార్తీక శుద్ధ విదియ నాడే మూస్తారు. పౌర్ణమి నాటికి గుడి మూసి దాదాపు రెండు వారాలవుతుంది. మళ్లీ తెరిచే తేదీని మహాశివరాత్రి రోజున ఉఖీమఠ్ ఓంకారేశ్వర ఆలయంలో ప్రకటిస్తారు. ఆ తేదీ తెలిశాకే టికెట్లు తీసుకోండి.

గుడి మూశారంటే దర్శనం లేదని కాదు. ఉత్సవమూర్తిని డోలీలో ఉఖీమఠ్ ఓంకారేశ్వరానికి తెస్తారు, చలికాలమంతా కేదారనాథుడికి, మధ్యమహేశ్వరుడికి అక్కడే పూజలు జరుగుతాయి. తుంగనాథుడు మక్కూమఠ్‌కి, రుద్రనాథుడు గోపేశ్వర్‌కి దిగుతారు. పంచ కేదారాల్లో (ఈ నాలుగూ, కల్పేశ్వర్ కలిపి ఐదు శివాలయాలు) కల్పేశ్వర్ ఒక్కటే ఏడాది పొడుగునా తెరిచి ఉంటుంది. ఉషా అనిరుద్ధుల పెళ్లి జరిగిన చోటుగా చెప్పుకునే ఉఖీమఠ్‌లో కార్తీక దీపం పెట్టుకోవడం నిజంగా గొప్ప అనుభవం. రద్దీ ఉండదు, కొండెక్కే పనీ లేదు. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి మేం మొదట చెప్పేది ఇదే.

అపోహ: "కేదార్‌నాథ్, కాళేశ్వరం, శ్రీకాళహస్తి, రామేశ్వరం ఒకే సరళరేఖ మీద ఉన్నాయి"

వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న మాట. రేఖాంశాలు చూడండి. కేదార్‌నాథ్ 79.07, కాళేశ్వరం 79.91, శ్రీకాళహస్తి 79.70, రామేశ్వరం 79.32. కేదార్‌నాథ్ నుంచి నిట్టనిలువుగా దక్షిణానికి గీత గీస్తే కాళేశ్వరం దానికి దాదాపు 88 కిలోమీటర్లు తూర్పున, శ్రీకాళహస్తి 68 కిలోమీటర్లు తూర్పున పడతాయి. ఈ క్షేత్రాల మహిమకు ఆ గీతతో పనిలేదు.

అపోహ: "తుంగనాథ్ గుడి ఒరగడం స్థల మహిమ"

గుడి ఒరిగిన మాట నిజం. ప్రధాన ఆలయం 5 నుంచి 6 డిగ్రీలు, చుట్టూ ఉన్న చిన్న గుళ్లు 10 డిగ్రీల దాకా వాలినట్టు పురావస్తు శాఖ గుర్తించిందని 2023లో వార్తలొచ్చాయి. ఇలాంటి కట్టడం మీద భారం వేయకూడదు. గోడలకు ఆనుకోవద్దు, ఫొటో కోసం చిన్న గుళ్ల అరుగులెక్కొద్దు, కదిలిన రాయిని తీసి మొక్కు రాళ్ల గుట్ట పేర్చొద్దు.

అపోహ: "పచ్చిక కనబడితే టెంటు వేసుకోవచ్చు"

బుగ్యాల్ అనే ఆ ఎత్తైన పచ్చిక మైదానాల్లో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది. పైగా చోప్తా పరిసరాలు కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోవి. అక్కడి నేల మీద పచ్చిక చాలా నెమ్మదిగా పెరుగుతుంది. టెంటు కింద నలిగిన చోటు ఒక్క సీజన్‌లో కోలుకోదు. దేవరియా తాల్‌కు వెళ్లేవాళ్లు సారీ గ్రామంలోనే ఇళ్లలో బస చేసి, పొద్దున్నే మూడు కిలోమీటర్లు ఎక్కితే నీటిలో చౌఖంబా నీడ గాలి లేవకముందే కనిపిస్తుంది.

అపోహ: "హరిద్వార్ నుంచి 200 కిలోమీటర్లే, ఐదు గంటల్లో గుప్తకాశీ"

ఎనిమిది గంటలు వేసుకోండి. జూలై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడితే ఎంతసేపు ఆగాల్సి వస్తుందో ఎవరూ చెప్పలేరు. వీలుంటే ఆ రెండు నెలలు వదిలి, సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మధ్యలో రండి. ఆకాశం తేటగా ఉంటుంది.

అపోహ: "గుర్రాలు వస్తే అంచుకు తప్పుకోవాలి"

లోయ వైపు అంచుకు ఎప్పుడూ వెళ్లొద్దు. బరువు మోసే గుర్రం పక్కనున్న మనిషిని చూసుకోదు, దాని మూట తగిలి పడిపోతారు. గంటల చప్పుడు వినబడగానే కొండ గోడ వైపు జరిగి, వీపు రాతికి ఆనించి, చేతికర్రను ఒంటికి దగ్గరగా నిలువుగా పట్టుకుని, గుంపంతా దాటిపోయేదాకా ఆగండి.