పేరు చెక్కిన టీ గ్లాసులు

పిల్లలూ,

పోయిన ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మీరు పేపర్ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టారు. గ్లాసులు తోమే శ్రమ మీ అమ్మలకు తప్పుతుందని మంచి మనసుతోనే తెచ్చారు. అయినా వద్దన్నాను. అందరి ముందూ కారణం చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏడు. మా నాన్న మినప చేలో పనికి పోతూ నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. దారిలో పాక హోటలు. నాన్న లోపలికి వెళ్ళేవాడు కాదు. బయట చూరులో దోపి ఉన్న గ్లాసు తీసి, కాలవలో కడుక్కుని, అరుగు కింద నిలబడి పట్టుకునేవాడు. హోటలాయన గిన్నె గ్లాసుకు తగలకుండా ఎత్తు నుంచి పోసేవాడు. కొంత నాన్న వేళ్ళ మీద పడేది. తాగాక మళ్ళీ కడిగి చూరులోనే పెట్టాలి. అప్పటికే రాజ్యాంగం అమల్లోకి వచ్చి పదేళ్ళు దాటింది. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. దుకాణాల్లో, హోటళ్ళలో కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని 15వ అధికరణ చెప్పింది. ఆ మాట మా ఊరి చూరు దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల లోపల కూర్చునేవాళ్ళకు స్టీలు గ్లాసు, మనకు వాడి పారేసే కప్పు. మీ కప్పులు చూడగానే నాకు అదే గుర్తొచ్చింది.

మన చర్చి గుడిలో మాత్రం అంతా సవ్యంగా ఉండేదనుకోకండి. మన సంఘంలో మాల ఇళ్ళూ ఉన్నాయి, మాదిగ ఇళ్ళూ ఉన్నాయి. రొట్టె, ద్రాక్షరసం ఒకే బల్ల నుంచి ప్రభు సంస్కారంగా పుచ్చుకున్నవాళ్ళమే, ఒకరింట్లో ఒకరం మంచినీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. మన అజరయ్య గారు, 1912లో దోర్నకల్ బిషప్ అయినవారు, ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, ఈ కులభేదం పోవాలని ఎంతో పాటుపడ్డారు. అంతకు రెండేళ్ళ ముందు స్కాట్లండులోని ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల ఎదుట నిలబడి ఆయన అడిగింది డబ్బు కాదు, స్నేహితుల్ని. దానం పైనుంచి కూడా పోయొచ్చు, హోటలాయన టీ పోసినట్టు. స్నేహానికి పక్కన కూర్చోవాలి.

నా కుర్రతనంలో ఉన్న పాస్టరమ్మ గారు ఆదివారం టీ మొదలుపెట్టారు. ఆడవాళ్ళు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి కానుకకు దాస్తారు కదా, అందులో కొంత అమ్మి టీపొడి, పంచదార కొనేవాళ్ళు. పాలు వంతులవారీగా వచ్చేవి. గ్లాసు ఇంటికొకటి తెమ్మన్నారు. అన్నిటి మీదా ఇంటి పేర్లు చెక్కి ఉన్నాయి. మొదటి వారం ఎవరి గ్లాసు వాళ్ళే వెతుక్కున్నారు. రెండో వారం ఆవిడ అన్నీ ఒకే తొట్టిలో కడిగి, పేరు చూడకుండా అందించారు.

మా అమ్మ చేతికి అవతలి వీధి గ్లాసు వచ్చింది. ఆ పేరు మీద బొటనవేలు పెట్టి అట్లాగే పట్టుకుంది. టీ మీద మీగడ కట్టింది. ఎదురుగా ఆ గ్లాసు ఇంటావిడ మా గ్లాసు పట్టుకుని అమ్మనే చూస్తోంది. అమ్మ తాగింది. అప్పుడు ఆవిడా తాగింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు గాని, తర్వాతి నెల మా చెల్లికి జ్వరమొస్తే ఆవిడే వచ్చి రాత్రంతా కూర్చుంది.

ఆఖరి మనిషికి అందేదాకా మనం ఎవ్వరం తాగం కదా, అది కూడా పాస్టరమ్మ గారు పెట్టిందే. కలిసి తినడానికి వచ్చినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగమని పౌలు కొరింథువాళ్ళకు రాశాడు, అది చదివి వినిపించారు.

తోమే పని ఆడవాళ్ళదే అవడం మాత్రం నిజంగా తప్పు. మీరు చూపించాకే నాకు కనిపించింది. వచ్చే ఆదివారం నుంచి మగపిల్లలు తోమండి, నేను కడిగి తుడుస్తాను. కొన్ని గ్లాసుల మీద పేర్లు అరిగిపోయాయి, ఎండకు వాలిస్తే ఇంకా కనబడతాయి. మా అమ్మ తాగిన గ్లాసు ఏదో అప్పుడు చూపిస్తాను. బూడిద, పీచు నేనే తెస్తాను.

మీ తాతయ్య