‘ది సబ్‌స్టెన్స్’ సమీక్షలు: అపోహలు - వాస్తవాలు

కొరాలీ ఫార్జా తీసిన ‘ది సబ్‌స్టెన్స్’ 2024 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతి అందుకుంది. యాభయ్యో పుట్టినరోజున టీవీ ఏరోబిక్స్ కార్యక్రమంలో ఉద్యోగం పోగొట్టుకున్న ఎలిజబెత్ (డెమీ మూర్), ఒక మందు సాయంతో తన దేహంలోంచే సూ అనే పడుచు రూపాన్ని పుట్టించుకుంటుంది. సమీక్షలు రాయడం వృత్తి కాబట్టి, ఈ చిత్రానికి లభించిన ఆదరణ గురించి పాఠకులు తరచూ అనే కొన్ని మాటలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

అపోహ: ఇంత రక్తపాతం ఉన్న సినిమాను కామెడీ అనడం బహుమతుల కోసం వేసిన ఎత్తు.

వాస్తవం: 2025 జనవరిలో డెమీ మూర్ గోల్డెన్ గ్లోబ్ గెలిచింది మ్యూజికల్ లేదా కామెడీ విభాగంలోనే. అలాంటి ఎంపికల్లో లెక్కలుంటాయి, కాదనను. కానీ టీవీ పెద్ద హార్వీ రొయ్యలు తినే సన్నివేశం చూడండి. వేళ్లకూ పెదాలకూ సాస్ అంటుకుని ఉండగా, యాభై ఏళ్లకు అంతా ఆగిపోతుందని ఎలిజబెత్‌తో అంటాడు. ఏం ఆగిపోతుందని ఆమె అడిగితే జవాబు చెప్పలేడు. కెమెరా అతని నోటికి అంత దగ్గరగా ఉండడం వల్లే రోతా నవ్వూ ఒకేసారి వస్తాయి. శృంగార రసానికి బీభత్స రసం విరోధి అని మన అలంకారశాస్త్రకారులు చెప్పారు. అందాల ప్రదర్శన పక్కనే రోతను పెట్టి, దర్శకురాలు ఆ వైరాన్నే ఆయుధం చేసుకుంది.

అపోహ: సమీక్షలను పోగుచేసే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతమంటే సినిమాకు పడిన మార్కులు.

వాస్తవం: అది మెచ్చుకున్న సమీక్షల వాటా మాత్రమే. పరవాలేదన్నవారూ అద్భుతమన్నవారూ అందులో సమానమే.

అపోహ: విమర్శించినవారంతా స్త్రీవాదం గిట్టని మగవాళ్లు.

వాస్తవం: గట్టి అభ్యంతరాలు కొన్ని మహిళా సమీక్షకుల నుంచే వచ్చాయి. సినిమా తాను ఎగతాళి చేస్తున్న చూపుతోనే కెమెరా కూడా సూ శరీరాన్ని తడుముతోందని, ముసలి దేహాన్ని భయపెట్టే వస్తువుగా మార్చి వార్ధక్యంపై ఉన్న ఏవగింపునే బలపరుస్తోందని వారన్నారు. వాణిజ్య ప్రకటనల భాషను వికృతంగా సాగదీయడమే ఇక్కడి వ్యంగ్యమని మెచ్చుకున్నవారు వాదించారు. నా మటుకు రెండో వాదనే బలమైనది, చివరి అంకం మినహా. పాత సహాధ్యాయిని కలవడానికి ముస్తాబైన ఎలిజబెత్, కిటికీలోంచి సూ హోర్డింగ్ కనిపించినప్పుడల్లా అద్దం దగ్గరికి తిరిగొచ్చి మళ్లీ మేకప్ వేసుకుంటుంది. ఆఖరికి లిప్‌స్టిక్‌ను చెంపల మీదికి పులిమేసుకుని ఇంట్లోనే ఉండిపోతుంది. ఒక్క నెత్తుటి చుక్క లేని ఈ దృశ్యం సాధించినదాన్ని, ముగింపులో వరదలా పారిన రక్తం సాధించలేదు.

అపోహ: సమీక్షకులు నెత్తికెత్తుకునే సినిమాలకు డబ్బులు రావు.

వాస్తవం: హాలీవుడ్ స్టూడియో యూనివర్సల్ తప్పుకున్నాక, స్ట్రీమింగ్ సంస్థ ముబి పంపిణీకి తీసుకున్న ఈ చిత్రం, రెండు కోట్ల డాలర్లలోపు ఖర్చుతో తయారై, ప్రపంచవ్యాప్తంగా ఏడు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆస్కార్‌లలో మాత్రం ఐదు నామినేషన్లకు దక్కింది ఒక్కటే, అదీ మేకప్, కేశాలంకరణ విభాగంలో.